పేర్ల మధ్య ఖాళీ

నా దగ్గర నలభై ఒక్క వీడియో టేపులున్నాయి. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి. మినీ డీవీ అంటారు. 2004 నుంచి 2007 దాకా, కాలేజీకి సెలవులిచ్చినప్పుడల్లా అడిగి తెచ్చుకున్న కెమెరాతో మా లింగాల చుట్టుపక్కల ఊళ్ళల్లో, నల్లమల అంచున ఉన్న చెంచు పెంటల్లో ఆడవాళ్ళతో మాట్లాడినప్పటివి. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా.

డ్యాముల దగ్గర, కాలువల దగ్గర మట్టి మోసిన ‘పాలమూరు లేబర్’ గురించి చాలానే రాశారు. గుంపు మేస్త్రీ, అడ్వాన్సు, తీరని అప్పు, అన్నీ వాటిలో ఉంటాయి. డేరాలో కాన్పు ఎట్లా అయింది, రాత్రిపూట మేస్త్రీ ఏ మాటన్నాడు, తాగొచ్చిన మొగుడు ఎక్కడ కొట్టాడు అనేవి చెప్పుకోవడానికి మాత్రం ఆ ఆడవాళ్ళకి ఒక తలుపు వేసిన గది, ఎదురుగా ఇంకో ఆడమనిషి కావలసివచ్చాయి. నా టేపుల్లో ఉన్నవి ఆ మాటలు. వాటిని ఊరికే బీరువాలో పెట్టుకుని కూర్చునే హక్కు నాకు లేదనిపించేది. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు టేపుల్లో మాటని కాగితం మీదికి దించడం ఎంత చాకిరీయో ఆ పుస్తకం చదివినవాళ్ళు ఊహించుకోగలరు. నా చాకిరీ ఇంకో రకంది.

అరవై నిమిషాల టేపుని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే సుమారు 13 జీబీ అవుతుంది. నలభై ఒక్కటీ ఎక్కిస్తే ఐదువందల ముప్పై జీబీ. ఏ అక్కచెల్లెలి ఫోనులోనూ అది పట్టదు. పట్టేంత చిన్నదిగా మార్చడాన్ని ఎన్‌కోడింగ్ అంటారు. పెళ్ళి వీడియోలు తీసే దుకాణంలో ఇస్తే చేసిపెడతారు. కానీ అక్కడ పనిచేసే మగపిల్లలు ఆ తెరల ముందు కూర్చుని ఆ మాటలు వింటారు. వాళ్ళలో ఎవరో ఒకరు ఆ ఊళ్ళ వాళ్ళే అయివుంటారు. అందుకని టేపు గడప దాటకూడదనుకున్నాను. దాటకూడదంటే ఆ పని నాకు రావాలి. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పిన నేను షెల్ స్క్రిప్టింగ్ నేర్చుకోవడం వెనక ఉన్న కారణం ఇంతే. కంప్యూటర్ మీద ప్రేమేమీ కాదు.

“అత్తా, హ్యాండ్‌బ్రేక్ అని ఒకటుంటది, ఫైళ్ళన్నీ వరసలో పెట్టి నొక్కితే అదే చేసుకపోతది” అన్నాడు మేనల్లుడు. నిజమే, చేసుకుపోతుంది. కానీ నా టేపుల్లో ఒక్కోదాంట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, ఎవరు సరేనన్నారో, ఎవరు వద్దన్నారో చూసుకుంటూ కోయాలి. వింటూ వింటూ నేను తయారుచేసుకున్న జాబితా 163 వరసలయింది. ప్రతి వరసలో టేపు నంబరు, మొదలు, ముగింపు, పేరు, చివర ఒక అక్షరం. ‘అ’ అంటే అనుమతి ఉంది. ‘వ’ అంటే వద్దన్నది. ‘త’ గురించి తర్వాత చెప్తాను.

షెల్ అంటే బొమ్మల మీద నొక్కకుండా కంప్యూటర్‌కి మాటల్లో పని పురమాయించే చోటు. ఆ మాటల్ని వరసగా రాసి దాచుకుంటే అది స్క్రిప్టు. 1979లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్‌ని అనుసరించి 1989లో బ్రయన్ ఫాక్స్ బ్యాష్ అనేది రాశాడు. నేను వాడింది బ్యాష్. వీడియో పని చేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. 2000లో ఫాబ్రిస్ బెల్లార్ మొదలుపెట్టాడు. రెండూ ఉచితం, రెండూ ఎవరైనా విప్పి చూసుకోదగ్గవి. ఏ మాటకి అర్థం తెలియకపోయినా ముందు ‘మ్యాన్’ అని కొట్టాలి. మాన్యువల్‌కి పొట్టిపేరట! సాయం కావాలంటే అక్కడా మగాణ్ణే పిలవాలా అని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ పుస్తకంలో ‘లూప్’ అన్న మాట దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. ప్రతి ఫైలుకీ ఇదే పని మళ్ళీ మళ్ళీ చెయ్యి అని చెప్పడం. చుట్టు, వలయం అని తెలుగులో అనుకున్నా మనసుకి ఎక్కలేదు. ఒకరోజు టేపుల్లోనే దొరికింది. నాట్ల గురించి చెప్తూ ఒకామె “మునుం పడితే ఇగ ఒడ్డు దాక లేసుడు లేదు” అంటుంది. మునుం! వరసగా నిలబడి, ముందు పరుచుకున్న పొలాన్ని ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా ఒకే తీరున చేసుకుపోవడం. లూప్ అంటే అదే. అక్కణ్ణుంచి ‘ఇఫ్’ కలుపుతీత అయింది: చేతికొచ్చింది పైరా, గడ్డా అని చూసి, గడ్డయితేనే పీకడం.

ఇలా పేర్లు పెట్టుకునే ధైర్యం నాకు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఆడవాళ్ళ నుంచి వచ్చింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, 1990ల చివర్లో కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నారు. తర్వాత 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో కూడా నడిపారు. కెమెరా కోణాలకి వాళ్ళు వాళ్ళ పేర్లే పెట్టుకున్నారు. ఎత్తుపల్లాల చూపుకి పటేల్ గుర్తొచ్చాడు. కంటికి కన్ను సమానంగా ఉండేలా తీసేదాన్ని ‘సంఘం షాట్’ అన్నారు. సంఘంలో అందరూ నేల మీదే కూర్చుంటారు కదా. సినిమా పాఠాలు చెప్పే ఏ పుస్తకంలోనూ ఇంత మంచి నిర్వచనం నేను చదవలేదు.

షెల్‌కి ఒక మొండితనం ఉంది. ఖాళీ కనిపిస్తే అక్కడ మాట అయిపోయిందనుకుంటుంది. టేపుల మీద అప్పట్లో ‘ఫలానా వాళ్ళ కోడలు’, ‘పెద్ద పిల్లగాని తల్లి’ అనే రాసివుంది. వాళ్ళు చెప్పుకున్నదీ అట్లాగే. ఫైళ్ళకైనా వాళ్ళ సొంత పేర్లు పెడదామని ఇంటిపేరు, ఖాళీ, ఆమె పేరు రాసుకున్నాను. (ఏ ఇంటిపేరు? పుట్టింటిదా, అత్తింటిదా? దానికే ఒక వ్యాసం కావాలి.) అట్లా రాసిన పేరుని షెల్‌కి ఒట్టిగా అప్పజెప్తే రెండు ముక్కలు చేస్తుంది. ఇంటిపేరు ఒక ఫైలనుకుంటుంది, ఆమె పేరు ఇంకో ఫైలనుకుంటుంది. రెండూ వెతికి, అట్లాంటివేమీ లేవంటుంది. ఆమె లేదంటుంది! పేరుకి అటూ ఇటూ జంట కొటేషన్ గుర్తులు పెడితే అప్పుడు ఒక మనిషిగా చూస్తుంది. 1946లో ఎనియాక్ యంత్రానికి లెక్కలు నేర్పిన ఆరుగురి పేర్లు, కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్, దశాబ్దాల పాటు చరిత్రకి ఇట్లాగే దొరకలేదు. యంత్రాన్ని లోకానికి చూపించిన రోజున వాళ్ళని ఎవరూ పరిచయం చెయ్యలేదు.

ఇంకో చిత్రం. జాబితాని ఒక్కో వరసగా చదువుతూ, వరస వరసకీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ని పిలిచేలా రాస్తే, ఆ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తన పని తను చేసుకోకుండా జాబితాలో మిగిలినవి కూడా తనకే చెప్తున్నారనుకుని లాక్కుంటుంది. మొదటామె సినిమా తయారవుతుంది, తర్వాతివాళ్ళ పేర్లు కొన్ని తలలేకుండా పోతాయి, కొన్ని అసలే పోతాయి. ‘నోస్టడిన్’ అని ఒక చిన్నమాట చేరిస్తే నోరు మూసుకుంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్ళకి మామూలు విషయమే. నాకు మాత్రం, మొదట మాట్లాడిన ఒకరి కథే అందరి కథగా చెలామణి అయ్యే మన సభలు గుర్తొచ్చాయి.

మా ఊళ్ళో ఎండాకాలం గాలివానకి కరెంటు పోతుంది. సగం తయారైన సినిమాకి పూర్తయినదాని పేరుంటే, మర్నాడు స్క్రిప్టు అది అయిపోయిందనుకుని దాటేస్తుంది. అందుకని తయారవుతున్నంతసేపూ ఒక పచ్చిపేరు, నిక్షేపంగా ముగిశాకే అసలు పేరు. బారసాలకి ముందు బిడ్డని పేరుపెట్టి పిలవనట్టు.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది చీకటి దగ్గర. ఎన్‌కోడింగ్‌లో ఫైలు చిన్నదవడమంటే కొంత బొమ్మని పారెయ్యడమే. కంటికి అంతగా ఆననిది ఏదో లెక్కగట్టి అది పారేస్తుంది. లెక్క ఎంత ఉదారంగా ఉండాలో ‘సీఆర్‌ఎఫ్’ అనే అంకె చెప్తుంది. మనం ఏమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది, తగ్గించినకొద్దీ బొమ్మ బాగుంటుంది, బరువు పెరుగుతుంది. ఆరుబయట ఎండలో కూర్చున్న ఆడవాళ్ళు 23తోనే చక్కగా వచ్చారు. పెంటల్లో, బుడ్డి దీపం వెలుగులో మాట్లాడిన చెంచు స్త్రీల ముఖాలు మాత్రం మసిగుడ్డతో తుడిచినట్టు గళ్ళుగళ్ళుగా వచ్చాయి. నల్లటి చెంప మీది సన్నటి నీడలన్నీ యంత్రం దృష్టిలో ఖర్చు దండగ. కోడక్ వాళ్ళు తెల్లమ్మాయి బొమ్మున్న కార్డుని చూసుకుని రంగుల తూకం సరిచేసిన కాలం గురించి చదివాం కదా, ఇది దాని మనవరాలే. అంకెని 18కి దించాను. ఎక్స్264లో ‘ఏక్యూ మోడ్’ అని ఒకటుంది. దాన్ని 3 చేస్తే చీకటి భాగాల మీద ఎక్కువ ఖర్చు పెడుతుంది. పెట్టాను. ఆ ఫైళ్ళు బరువెక్కాయి. ఎక్కనీ.

జూన్ మొదట్లో ఐదు రాత్రులు స్క్రిప్టు నడిచింది. తెల్లారి లేచి చూస్తే ‘అ’ ఉన్న 118 మంది విడివిడి ఫైళ్ళుగా, ముప్పై రెండు జీబీల మెమరీ కార్డులో పట్టేశారు. ‘వ’ ఉన్న 34 మందిని దాటుకుంటూ పోయింది. వాళ్ళ మాటలు అసలు టేపుల్లోనే ఉన్నాయి, ఉంటాయి.

‘త’ దగ్గర ఆగింది. ఆగమని నేనే రాశాను. ఆ అక్షరం ఉన్నవాళ్ళు పదకొండుమంది. ‘నేను పోయినంక’ అన్నవాళ్ళు. అందులో ఒక అవ్వ, “పానమున్నన్ని దినాలు నా మొగం ఎవలకు సూపియ్యకు బిడ్డా. సచ్చినంక నాకేం సిగ్గు” అని కెమెరాలోకే చెప్పింది. పదకొండుమందిలో ఇప్పుడు ఏడుగురు లేరు. లేరు కాబట్టి ‘అ’ అని మార్చెయ్యవచ్చు. ఒక్క అక్షరం పని. కానీ వాళ్ళు చెప్పిన మొగుళ్ళు, మరుదులు కొందరు ఉన్నారు. కొడుకులున్నారు. చనిపోయినామె మాటకి అర్థం ఎవరు చెప్పాలి?

ఆ అవ్వ బిడ్డ లింగాలలోనే ఉంటుంది. టేపులో ఉన్న భాగాన్ని ఫోనులో పెట్టి తీసుకెళ్ళాను. తలుపు దగ్గరికేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఇరవై రెండు నిమిషాలూ కదలకుండా చూసింది. తర్వాత చాలాసేపు కొంగుతో ఫోను అద్దం తుడుస్తూ కూర్చుంది.

“అక్కా, ఇది మా తమ్ముండ్లకు వద్దు. ఊరోళ్ళకు వద్దు. నాకొక్కదానికి ఇయ్యి. నా బిడ్డ పెద్దగైనంక దానికి నేనే సూపిస్త.”

నా జాబితాలో అందుకు తగిన అక్షరం లేదు. ఇంటికొచ్చి ‘బ’ అని చేర్చాను, బిడ్డకి మాత్రమే అని. ఎవరి బిడ్డకి అన్నది పక్కనే ఇంకో గడిలో. మిగిలిన ఆరుగురి ఇళ్ళకి ఇంకా వెళ్ళాలి. ఒకామె కూతురు పుణెలో కట్టుబడి పనిలో ఉందట, ఉగాదికి వస్తుందని చెప్పారు.