సింగపూరు సాటే వీథిలో ఒక సాయంకాలం

దేశాటనం నేర్పే పాఠాలు ఏ పాఠ్యప్రణాళికలోనూ ఉండవని పెద్దలంటారు. గత వేసవి సెలవులలో సింగపూరులో ఉంటున్న మా పెద్దక్క ఇంట మూడు వారాలు గడిపి వచ్చాను. అక్కడి ఆకాశహర్మ్యాలను గురించీ, ఉద్యానవనాలను గురించీ వ్రాయవలసిందని సంచిక సంపాదకవర్గం వారు కోరారు. కాని ఆ నగరం తలపునకు వచ్చినప్పుడెల్లా నా కళ్ళకు కట్టేది ఒక వీథి, బొగ్గుల పొగ, ఆ పొగ వెనుక ఒక పూర్వ విద్యార్థి ముఖం. దానినే పాఠకులకు విన్నవించుకుంటాను.

ఒక ఆదివారం సెరంగూన్ రోడ్డులోని అంగూలియా మసీదులో అసర్ నమాజు ముగించుకొని వెలుపలికి వస్తుండగా "సార్!" అన్న పిలుపు వినిపించింది. పరదేశంలో తెలుగు నుడికారం చెవిని పడితే ఆగని పాదాలు ఉండవు. ఎదుట ముప్పయి ఏండ్లు నిండని యువకుడు. ఎండకు కమిలిన ముఖం. చేతులపై నిప్పురవ్వలు పడిన మచ్చలు. పేరు చెప్పేదాకా పోల్చుకోలేకపోయాను. ఏడేండ్ల క్రితం మా కళాశాలలో బి.ఏ. రెండవ సంవత్సరంతో చదువు ఆపివేసినవాడు. ఇప్పుడు అక్కడి ఓడల మరమ్మతు కర్మాగారంలో వెల్డరు. వారానికి ఆ ఒక్క రోజే అతనికి సెలవు. "ఈ పూట మీరు నాతో భోంచేయాల సార్" అని పట్టుబట్టాడు.

భూగర్భ రైలెక్కి తెలోక్ అయర్ స్టేషనులో దిగాము. దక్షిణ భారతం నుండి ఓడలెక్కి వెళ్ళిన తమిళ ముస్లిములు 1827లో చిన్న పాకగా నెలకొల్పిన అల్ అబ్రార్ మసీదు ఆ వీథిలోనే ఉన్నది. అక్కడ మగ్రిబ్ నమాజు చేసికొని కొద్ది దూరం నడిస్తే లావ్ పా సాత్ కనిపిస్తుంది. 'పాత బజారు' అని ఆ మాటకు అర్థం. ఎనిమిది కోణాలతో, పోత ఇనుప స్తంభాలతో నిలిచిన ఈ కట్టడం 1894 నాటిది. 1973లో జాతీయ స్మారకంగా గుర్తింపు పొందింది. దాని ప్రక్కనున్న బూన్ తాత్ వీథి పగలంతా మోటారు వాహనాలది, సాయంకాలమైతే భోజనప్రియులది. వాహనాలను ఆపివేసి, రోడ్డు మధ్యనే బల్లలు పరుస్తారు. చుట్టూ బ్యాంకుల గాజు మేడలు. వాటి పాదాల చెంత బొగ్గుల కుంపట్లు!

సాటే అంటే పుల్లలకు గ్రుచ్చి కాల్చిన మాంసం. మన సీఖ్ కబాబుకు దూరపు చుట్టమనవచ్చు. కోడి, గొఱ్ఱె, పశుమాంసాలను చిన్న ముక్కలుగా తరిగి పసుపు, ధనియాలు, నిమ్మగడ్డి, కొంచెం చక్కెర పట్టించి ఊరనిస్తారు. పూర్వం కొబ్బరి ఈనెలకు గ్రుచ్చేవారు. ఇప్పుడు ఎక్కువగా వెదురు పుల్లలే. పొడవాటి ఇరుకు కుంపటిపై పదుల కొలది పుల్లలను వరుసగా పేర్చి, ఒక చేత విసరుతూ, మరొక చేత త్రిప్పుతూ ఉంటే, కొవ్వు చుక్క బొగ్గుపై పడి చుఱ్ఱుమనడం, మంట లేవడం, పొగ ముసరడం చూడముచ్చటైన దృశ్యం. తోడుగా వేరుశనగ పప్పు నూరి చేసిన తియ్యకారం పులుసు, దోసకాయ, ఉల్లిపాయ ముక్కలు, బియ్యపు దిమ్మలు ఇస్తారు. సింగపూరు వీథిభోజన సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలో చేర్చిందంటే ఆశ్చర్యం లేదు.

బల్లపై ఒక కాగితపు రుమాళ్ళ పొట్లం ఉంచితే ఆ చోటు ఎవరిదో అయినట్లే. ఎవరూ దానిని కదపరు. ఖాళీ బల్ల మాకు దొరకలేదు. ఒక చీనా వృద్ధ దంపతులు జరిగి మాకు చోటిచ్చారు. ప్రక్క బల్లపై తమిళులు, ఆవలి బల్లపై మలయ్ కుటుంబం. నవ్వులు, కేకలు, పళ్ళేల చప్పుడు. నేను ఆ సందడిలో మైమరచి ఉండగా, మా విద్యార్థి ఒక పుల్లను పులుసులో ముంచి నవ్వాడు.

"చూస్తిరా సార్, ఇంత దూరమొచ్చినా చెనిక్కాయలు నన్ను ఇడిసిపెట్టలేదు."

అతనిది అనంతపురం జిల్లా. ఆరెకరాల మెట్ట. ఆ ఏడు విత్తనం వేశాక వాన మొగం చాటేసిందట. తండ్రి బేల్దారి పనికి బెంగుళూరు వెళ్ళాడు. తల్లికి జబ్బు. పశువులు, రెండవసారి విత్తడం, ఆసుపత్రి, అన్నీ ఇతని మీదనే పడ్డాయి. చేను వదలి వచ్చిన రోజు తరగతికి ఆలస్యం. రాలేని రోజు గైర్హాజరు.

"ఒక్క మాట నాతో చెప్పి ఉండవలసిందయ్యా" అన్నాను.

"మీరు అడగలేదు కద సార్" అన్నాడు. ఆ కంఠంలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పాడు, అంతే.

పుల్ల నా చేతిలోనే ఉండిపోయింది. అతడు ఆలస్యంగా వచ్చిన ఒకనాడు "సుల్తానుగారు దర్బారుకు దయచేశారే!" అని నేను అనడం, తరగతి గది గొల్లుమనడం జ్ఞప్తికి వచ్చాయి. హాజరు చాలనివారి జాబితాలో అతని పేరు వ్రాసినది నా కలమే. నిబంధన ప్రకారమే వ్రాశాను. కాని నిబంధన నన్ను కారణం అడుగవద్దని ఎన్నడూ చెప్పలేదు.

పైకం నేను తీయబోతే నా చేయి పట్టుకున్నాడు. ఏజెంటు అప్పు తీరడానికి రెండేండ్లు పట్టిందట. లేచేటప్పుడు, చెప్పవచ్చునో లేదో అన్నట్లు, మెల్లగా అన్నాడు: "మా చెల్లెలు ఈ జూన్‌లో మన కాలేజీలోనే చేరుతుంది సార్. ఎప్పుడన్నా రాకపోతే... ఒక్క మాట అడగండి."

ఆ రాత్రి రైలులో నా చొక్కాకు పట్టిన బొగ్గుపొగ వాసన ఇల్లు చేరేదాకా నన్ను వదలలేదు.

కళాశాల తెరచిన నాడు నా హాజరు పట్టీలో ప్రతి పేరు చివర ఒక గడి అదనంగా గీసుకున్నాను, గైర్హాజరుకు కారణం వ్రాసుకోవడానికి. కళాశాల సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే: ఏ విద్యార్థి పేరైనా కొట్టివేసే ముందు ఆ ఇంటికి ఒకసారి కబురు పంపే ఏర్పాటు చేయండి. విద్యార్థులారా, మీ కష్టం చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. అడగడం మా విధి. మేము మరచిననాడు మీరే వచ్చి చెప్పండి.

ఆ అమ్మాయి చేరింది. ఇప్పటికి మూడు రోజులు రాలేదు. మూడు సార్లూ అడిగాను.