పన్నెండో బొమ్మ

మన కాలేజీ సావనీరుకి ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం కుర్రాళ్లు ఇంటికొచ్చి అడిగారు. నేను కవిని కాను, కథకుణ్ణి అంతకంటే కాను. హాస్టల్లో నన్నందరూ "ఫోటోల పిచ్చోడు" అనేవారు. ఆ పిచ్చి గురించే రాస్తాను.

1979లో నా దగ్గర ఓ ఆగ్ఫా క్లిక్-త్రీ కెమెరా ఉండేది. మా చిన్నాన్న వాడి వదిలేసింది. 120 ఫిల్ము వేస్తే చదరంగా పన్నెండు బొమ్మలు వచ్చేవి. వెనకాల ఎర్ర అద్దంలో అంకె చూసుకుంటూ చేత్తో తిప్పుకోవాలి. తిప్పడం మర్చిపోతే ఒక బొమ్మ మీదే ఇంకో బొమ్మ పడుతుంది. అయ్యా తిప్పలేదు అని కెమెరా చెప్పదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మెస్సు బిల్లు కట్టగా మిగిలిన డబ్బుల్తో నెలకొక ఫిల్ము. అంటే నెలకి పన్నెండు బొమ్మలు. ఎక్కడికెళ్లాలి, ఏది తియ్యాలి అని వారాల తరబడి ఆలోచన! ఆదివారం పొద్దున్నే బయలుదేరి చీకటి పడేసరికి హాస్టలుకి వచ్చెయ్యాలి గనక విశాఖపట్నం చుట్టుపక్కలే నా రాజ్యం.

మొదటి దండయాత్ర అనకాపల్లి దగ్గరి శంకరం మీద. పాసింజరు దిగి నడిచివెళ్లాం, నేనూ నా రూమ్మేటూను. బొజ్జన్నకొండ అంటారు. బుద్ధుడే మనవాళ్ల నోట్లో బొజ్జన్న అయ్యాడు. కొండని తొలిచి గుహలు, కొండరాయినే చెక్కి స్తూపాలు. పక్కనున్న లింగాలమెట్ట మీద వరసలు వరసలుగా రాతి స్తూపాలుంటాయి. వాటిని లింగాలనుకునే జనం ఆ పేరు పెట్టారు. అలెగ్జాండర్ రే అనే దొర అక్కడ తవ్వకాలు చేయించాడు. ఇదంతా లైబ్రరీలో చదువుకుని మరీ వెళ్లాను. గుహలో కూర్చున్న బుద్ధుణ్ణి నాలుగు బొమ్మలు తీశాను. నాలుగూ నల్లగా, చక్కగా, అమావాస్యలా వచ్చాయి. ఎండలో తప్ప ఆ కెమెరా పనిచెయ్యదని చదవడం మర్చిపోయాను!

తర్వాత భీమిలి. అదొక్కటే నాలుగైదుసార్లు వెళ్లాను. గోస్తని సముద్రంలో కలిసేచోటు, తెల్లటి లైట్‌హౌసు, ఇసకమీద తెప్పలు, ఆరబెట్టిన వలలు. ఇవి కాక ఒలందావాళ్ల సమాధులు. పదిహేడో శతాబ్దంలో బట్టల వర్తకానికి వచ్చిన డచ్చివాళ్లు అక్కడే కోట కట్టుకుని, అక్కడే జ్వరాలొచ్చి పోయి, అక్కడే పడుకున్నారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికెళ్లింది. సమాధులు మాత్రం మిగిలాయి. సున్నం రాలిన గోపురాల్లాంటి ఆ కట్టడాల నీడలు సాయంత్రం పూట పొడుగ్గా సాగుతుంటే, వాటికోసమే ఫిల్ము దాచుకునేవాణ్ణి.

ఆ రోజు పన్నెండో బొమ్మ కూడా పెద్ద సమాధికే సమర్పించి బీచివైపు వచ్చాను. ఎండుచేపలు అమ్ముకుంటున్న ముసలమ్మ ఒకావిడ, నా మెళ్లో కెమెరా చూసి పిలిచింది.

"బాబూ, నాకో పోటో తీస్తావేటి? పుట్టి బుద్దెరిగి తీయించుకోలేదు."

ఫిల్ము అయిపోయిందని చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకో ఇప్పటికీ తెలీదు. ఆవిడ అప్పటికే కొంగు సర్దుకుని, జుట్టు తడుముకుని, తట్ట పక్కకి జరుపుకుని కూర్చుంది. నేను గురిచూసి "టిక్కు"మని నొక్కాను. ఆవిడ నవ్వి రెండు మెత్తళ్లు కాగితంలో చుట్టి ఇచ్చింది. వద్దన్నా వినలేదు. "ఎప్పుడిస్తావు?" అంది. వచ్చే నెల అన్నాను.

బస్సులో ఆ చేపల వాసన నాతోనే వచ్చింది. దొంగసొత్తు పట్టుకెళ్తున్నట్టుంది.

వారం తర్వాత స్టూడియోలో ప్రింట్లు ఇస్తూ స్టూడియో ఆయన, "ఏం గురూ, దెయ్యాన్ని తీశావా?" అన్నాడు. చూద్దును గదా, పన్నెండో బొమ్మలో సమాధి, ఆ సమాధి చీకటి వాకిట్లో ముసలమ్మ, తట్టతో సహా. ఫిల్ము తిప్పడం మర్చిపోయాను మరి. ఉత్తుత్తినే నొక్కాననుకున్నది నిజంగానే పడింది. మాట ప్రకారం ఇవ్వాల్సిన ఫోటో ఉంది. కానీ బతికున్న మనిషికి సమాధిలో కూర్చున్న బొమ్మ ఎలా ఇస్తాం?

మర్నెల కొత్త ఫిల్ముతో వెళ్లాను. పాత బొమ్మ చొక్కా జేబులోనే ఉంది.

"పోటో ఏదీ?"

"చెడిపోయింది మామ్మా. మళ్లీ తీస్తాను."

"సెడిపోడానికి నాను సేపనేటి బాబూ?" అని పక్కవాళ్లతో కలిసి ఒకటే నవ్వు. మూడు బొమ్మలు తీశాను, ప్రతిసారీ ఎర్ర అద్దంలో అంకె చూసుకుని. సమాధుల జోలికి పోలేదు. తర్వాత పట్టుకెళ్లి ఇస్తే, ప్రింటు చెయ్యిసాచి దూరంగా పెట్టి చాలాసేపు చూసింది. "ఇదేటి, మా యమ్మలాగుంది!" అంది. కొడుకుని పిలిచి చూపించింది. మొదటి ఫోటో సంగతి మళ్లీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

భీమిలి దారిలో మంగమారిపేట దగ్గర తొట్లకొండ మీద 1988లో తవ్వకాలు మొదలయ్యాయి. అప్పటికి నేను ఉద్యోగంలో పడ్డాను. ఆ కొండని దూరంనుంచి ఎన్నిసార్లు చూశానో, ఏనాడూ బొమ్మ తియ్యలేదు. మామూలు కొండకి ఫిల్ము దండగ అనుకున్నాను. మొన్న మా మనవడితో వెళ్తే వాడు సెల్‌ఫోనులో ఒక్క పూటలో రెండొందలు తీశాడు. రాతి తొట్లు, స్తూపం, కింద సముద్రం, నా బట్టతల, అన్నీను.

ఆ పన్నెండో బొమ్మ మాత్రం నా దగ్గర బిస్కట్ల డబ్బాలో ఉంది. అంచులు పసుపెక్కాయి. మనవడు చూసి, "తాతా, ఇదెలా చేశావు? చాలా బాగుంది," అన్నాడు. వాడికి ఎర్ర అద్దం సంగతి చెప్పాను.