గిరిగారి ఓటమి, మన సంఘాల ఎన్నిక

ఒక కుర్చీకి ఒకరిని ఎన్నుకోవడం తేలిక. ఒకే రకం కుర్చీలు ఏడు ఉన్నప్పుడే చిక్కంతా. “ఏడుగురికి టిక్కు పెట్టండి, ఎక్కువ ఓట్లు వచ్చిన ఏడుగురూ గెలిచినట్టు” అనేస్తాం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. లెక్క వేసి చూస్తే వేరే సంగతి తేలుతుంది.

నేను కోయంబత్తూరులో పుట్టి మదురైలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. లెక్కలు తెలిసినవాడు, ఏ పక్షానికీ చెందనివాడు అని రెండూళ్ళలోనూ మనవాళ్ళ సంఘాలు నన్ను ఎన్నికల అధికారిగా కూర్చోబెడుతుంటాయి. ఒక సంఘం మాట చెబుతాను, పేరు వద్దు. అంకెలు సులువు కోసం గుండుగా చెబుతున్నాను. సభ్యులు 300 మంది. పాత వీధుల వాళ్ళు 180, ఊరి చివర కాలనీలకు వెళ్ళిపోయిన వాళ్ళు 120. ఎవరి జాబితా వాళ్ళది. మొదటి జాబితాలో ఏడుగురికీ తలా 180 ఓట్లు, రెండోదాంట్లో తలా 120. ఏడు కుర్చీలూ పాత వీధులకే! నూటికి నలభై మంది ఒక్క కుర్చీకీ నోచుకోలేదు.

ఎవరూ దొంగ ఓటు వేయలేదు. అయినా మరుసటి ఏడు కాలనీలో ఆదివారం జరిగే తెలుగు తరగతికి డబ్బు రాలేదు. అడిగేవాడు కమిటీలో లేడు మరి. తరగతి ఆగింది, ఆ వెనకే చందాలూ ఆగాయి. మన పిల్లలకు బడిలో తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట ఉన్నా, అక్షరం దొరికేది ఆ తరగతిలోనే. ఇక్కడ ఓడిపోయింది అభ్యర్థులు మాత్రమే కాదు.

కుర్చీలు నింపే పద్ధతి ఫలితాన్ని ఎంత మారుస్తుందో తెలుగువారికి 1957లోనే తెలిసింది. ఆ రోజుల్లో కొన్ని లోక్‌సభ నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులుండేవారు. ఉత్తరాంధ్రలోని పార్వతీపురం అలాంటిదే. ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు, రెండోది అందరికీ. ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. తెగల అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి మొదట ఆ ప్రత్యేక స్థానం ఇచ్చి, మిగిలిన అందరిలో ముందున్నవారికి రెండోది ఇచ్చారు. ఆ ముందున్నవారూ తెగల అభ్యర్థే, డిప్పల సూరిదొర. కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసిన వి.వి.గిరి 565 ఓట్ల తేడాతో ఓడిపోయారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రెండో స్థానం అందరిదీ అంటే తెగల వారిది కూడానని 1959లో తీర్పు వచ్చింది. సబబైన తీర్పే. 1961లో చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను తీసేశారు.

అదే గిరిగారు 1969లో రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. మొదటి లెక్కలో ముందున్నా సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాకే మరో తెలుగువారు నీలం సంజీవరెడ్డిపై గెలుపు ఖాయమైంది. ఆ ప్రాధాన్య ఓటునే ఒకేసారి చాలా స్థానాలకు వాడతారు రాజ్యసభ ఎన్నికల్లో. అందుకే శాసనసభలో చిన్న పక్షాలకూ తగినంత బలముంటే ఒక స్థానమైనా దక్కుతుంది.

మనముండే తమిళదేశంలో ఇంకా పాత దారి ఒకటుంది. పదో శతాబ్దపు ఉత్తరమేరూరు శాసనాల ప్రకారం ఊరిలోని 30 వాడల నుంచి వాడకొకరు చొప్పున పేర్లు రాసిన ఆకులు కుండలో వేసి తీసేవారు. అలా తేలిన 30 మందిలో 12 మంది సంవత్సర కమిటీకి, 12 మంది తోటల కమిటీకి, ఆరుగురు చెరువు కమిటీకి. ఏ వాడా ఖాళీ చేతులతో పోయేది కాదు.

మన సంఘానికి చీట్లు అక్కర్లేదు. మేము బి.కాం.లో చదివిన 1956 కంపెనీల చట్టంలోనే, 265వ సెక్షన్లో, ఒక ఉపాయముంది. 2013 చట్టంలో అది 163వ సెక్షన్. ఏడు కుర్చీలుంటే సభ్యుడికి ఏడు ఓట్లు, అన్నీ ఒకరికే వేసుకోవచ్చు, పంచుకోవచ్చు. అప్పుడు కాలనీవాళ్ళ చేతిలో 840 ఓట్లు. ముగ్గురికే పంచితే తలా 280. పాత వీధుల 1,260 ఓట్లు ఐదుగురికి పంచితే తలా 252 మాత్రమే. కనుక నలుగురు వీళ్ళు, ముగ్గురు వాళ్ళు. పెత్తనం పెద్ద పక్షానిదే, అడిగే నోరు చిన్న పక్షానిది.

ఈ మాట సర్వసభ్య సమావేశంలో చెబితే ఒక పెద్దాయన లేచి, “నాయనా, రెండు పక్షాలూ ఒకే గదిలో కూర్చుంటే రోజూ పోట్లాటే గదా!” అన్నారు. నిజమే, పోట్లాట ఉంటుంది. గదిలో పోట్లాడేవాడు సంఘంలో ఉన్నవాడు. గడప దాటి వెళ్ళిపోయినవాడు పోట్లాడడు, చందా కట్టడు, పిల్లవాణ్ణీ పంపడు.

తమిళనాట మనం తక్కువమందిమి. మన మాట కూడా వినమని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. ఆ అడిగే నోటితోనే మనలోని తక్కువమందికి ఏడింట సున్నా ఇస్తే ఎలా? మీ సంఘం నిబంధనల పుస్తకం తీసి, ఓట్ల పద్ధతి రాసిన పేజీ ఒకసారి చదవండి.