ఆ పుటలో మాట్లాడుతున్నది ఎవరు?

మా ఊరి పేరు చెప్పగానే చాలామంది నగరం నడిబొడ్డున ఉన్న హిమాయత్‌నగర్ అనుకుంటారు. మాది మొయినాబాద్ మండలంలోని హిమాయత్‌నగర్. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం రెండు జలాశయాలు కట్టించింది. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఆ నీటిని కాపాడేందుకు 1996 మార్చి 8న వెలువడిన జీవో 111 పరిధిలో 84 గ్రామాలున్నాయి. మా ప్రాంతంలో పెండ్లి సంబంధాల మాటల మధ్య కూడా ఈ మూడంకెల సంఖ్య దొర్లుతుంది. పొలం ఉన్నవారికి అది కంచె, నగరంలో నల్లా తిప్పుకునేవారికి అది కాపలా. రెండూ నిజమే.

అబ్బాజాన్ వదిలి వెళ్లిన ఎకరం ఇరవై గుంటల భూమిలో అమ్మీకి, భాయిజాన్‌కు, ఆపాకు, నాకు షరీఅత్ ప్రకారం వాటాలున్నాయి. ఆపా భర్తను కోల్పోయి పుట్టింటికి వచ్చింది. ఆమెకున్నది ఆ వాటా, ఎనిమిది తులాల బంగారం, ఇద్దరు పిల్లలు.

2022 ఏప్రిల్ 12న ప్రభుత్వం జీవో 69 విడుదల చేసింది. 111లోని మూడవ పేరా కింద ఉన్న ఆంక్షలను తొలగిస్తున్నట్లు అందులో ఉంది. 'ఎత్తేశారు' అన్న ఒక్క మాట సాయంత్రానికల్లా ఊరూరా పాకిపోయింది. ఆ ఉత్తర్వులోని వాక్యానికి రెండవ సగం కూడా ఉంది. జలాశయాల నీటి నాణ్యతకు భంగం కలగరాదన్న షరతు అది. దానిని మాత్రం ఎవరూ మోసుకు రాలేదు.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యవర్తి భాయిజాన్ వద్దకు రాకపోకలు మొదలుపెట్టాడు. వాడిన నూనెను శుద్ధి చేసి సబ్బుల తయారీకి పంపే చిన్న కార్ఖానా పెడదామని ప్రతిపాదించాడు. భూమి మాది, షెడ్డు ఖర్చు మాది, యంత్రాలు ఆయనవి. అనుమతి వస్తుందా అని భాయిజాన్ అడిగితే, ఆయన ఒక జిరాక్స్ కాగితం తీసి చూపించాడు. అది సుప్రీంకోర్టు తీర్పులోని ఒక పుట. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదపు నూనె ఉత్పత్తుల పరిశ్రమ ఆధునిక పద్ధతులు పాటిస్తున్నదని, కాలుష్య నియంత్రణ మండలి దానికి సమ్మతి ఇవ్వవలసిందేనని అందులో ఉంది. పెద్దషాపూర్ కూడా జలాశయానికి పది కిలోమీటర్ల లోపలిదే. "వాళ్లకు ఇచ్చినప్పుడు మనకెందుకు ఇవ్వరు?" అన్నాడట.

ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కతెనే. అదీ తెలుగు మాధ్యమంలో. భాయిజాన్ ఆ కాగితం నా చేతికిచ్చి చూడమన్నారు. సుప్రీంకోర్టు తీర్పులు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకు మధ్య నడిచిన కేసు అది. తీర్పు తేదీ 1999 జనవరి 27. ఇషా నమాజు తరువాత నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు రాత్రులు చదివాను. జిరాక్సులోని పేరా అక్షరం పొల్లుపోకుండా అందులో కనిపించింది. అప్పీలు అధికారి ఆ పరిశ్రమకు అనుకూలంగా చెప్పారు, హైకోర్టు కూడా సమ్మతి ఇవ్వమంది. చివర సుప్రీంకోర్టు కొన్ని ప్రశ్నలను నిపుణుల సంస్థ పరిశీలనకు పంపింది. హైకోర్టు ఉత్తర్వును రద్దు చేసినట్లు నాకెక్కడా కనిపించలేదు.

"కాగితం అబద్ధం కాదు భాయిజాన్" అని చెప్పాను. అది పూర్తిగా నా మాటే. ఆ మాట మీదనే ఆపా తన బంగారం తాకట్టు పెట్టడానికి ఒప్పుకుంది. భాయిజాన్ బయానాగా యాభై వేలు ఇచ్చేశారు.

అల్లాహ్ దయవల్ల ఆ వారమే మామూజాన్ వచ్చారు. ఆయన కోర్టులో స్టెనోగ్రాఫరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. జడ్జీలు చెబుతుంటే రాసుకుని టైపు చేసిన తీర్పులు ఎన్నో ఆయనకే లెక్క తెలియదు. నేను గర్వంగా నా చదువు సంగతి చెప్పగానే ఆయన అడిగినది ఒకే ప్రశ్న.

"ఆ పేరాలో మాట్లాడుతున్నది ఎవరు బేటీ?"

సుప్రీంకోర్టే కదా అన్నాను. ఆయన చెంప మీద చేయి పెట్టుకుని కాసేపు ఏమీ అనలేదు. తరువాత పెన్సిల్ తెమ్మన్నారు.

తీర్పు ఒక మజ్లిస్ వంటిదట. అందులో వాది మాట్లాడతాడు, ప్రతివాది మాట్లాడతాడు, కింది కోర్టు మాట్లాడుతుంది, పాత తీర్పులలోని జడ్జీలు మాట్లాడతారు. వారందరి మాటలనూ తీర్పు రాసే జడ్జి తన పుటలలో నమ్మకంగా నమోదు చేస్తాడు, ఎందుకంటే విననిదే తీర్పు చెప్పడం న్యాయం కాదు. మనవంటివారు తెరచిన పుటలో కనిపించిన మాటనల్లా కోర్టు మాట అనుకుంటాం. 'సబ్‌మిటెడ్', 'కంటెండెడ్' అన్న క్రియలు ఉంటే అది వకీలు వాదన. 'హైకోర్ట్ హెల్డ్' అని ఉంటే అది అప్పీలుకు వచ్చిన పాత నిర్ణయం, నిలబడనూ వచ్చు, పడిపోనూ వచ్చు. 'ఇన్ అవర్ వ్యూ' అని వచ్చినప్పుడే కోర్టు తన గొంతుతో మాట్లాడటం మొదలవుతుంది. ప్రతి పేరా పక్కన అంచులో ఒక అక్షరం వేయమన్నారు. వాదికి 'వా', ప్రతివాదికి 'ప్ర', కింది కోర్టుకు 'కిం', ఈ కోర్టుకు 'కో'. నాలుగు రాత్రులు చదివిన దానిని మళ్లీ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని గుర్తులు వేశాను. మధ్యవర్తి తెచ్చిన పుటలో పై నుంచి కింది దాకా 'కిం' తప్ప మరొక అక్షరం పడలేదు.

ఈ పొరపాటు మా ఇంటికే పరిమితమైనది కాదని చెప్పడానికి మామూజాన్ షాయరా బానో కేసు గుర్తు చేశారు. 2017 ఆగస్టు 22న ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఒకే బైఠకులో ముమ్మారు తలాఖ్‌పై తీర్పు చెప్పింది. అందులో ముందుగా ఉన్నది ప్రధాన న్యాయమూర్తి ఖేహర్ అభిప్రాయం. జస్టిస్ అబ్దుల్ నజీర్ దానితో ఏకీభవించారు. ఆ ఆచారానికి రాజ్యాంగపు మత స్వేచ్ఛ రక్షణ ఉందని, ఆరు నెలల పాటు దానిని నిలిపివేయాలని, చట్టం చేయవలసినది పార్లమెంటని అందులో ఉంది. మొదటి పుటలే చదివినవారు అదే తీర్పు అనుకున్నారు. ఆ ఉదయం కొన్ని టీవీ ఛానెళ్లు కూడా 'ఆరు నెలల నిలుపుదల' అని చెప్పేశాయి. నిజానికి అది ఇద్దరి మైనారిటీ అభిప్రాయం. నారీమన్, లలిత్, కురియన్ జోసఫ్‌లు ముగ్గురూ ఆ ఆచారం చెల్లదన్నారు. ఆ ముగ్గురి కారణాలు కూడా ఒకటి కావు. మొదటి ఇద్దరు అది నిరంకుశమైనదని, సమానత్వ సూత్రానికి విరుద్ధమని అన్నారు. కురియన్ జోసఫ్ మాత్రం ఖుర్ఆన్ బోధనకే అది విరుద్ధమని, అందువల్లనే చెల్లదని రాశారు. 3:2 అన్న లెక్క కనిపించేది చిట్టచివరి ఉత్తర్వులో. మా మహల్లా స్త్రీల ఇజ్తిమాలో ఒక సోదరి ఆ మైనారిటీ పేరాను చదివి వినిపించగా నేనూ తల ఊపినదాన్నే. సంవత్సరాల తరువాత, మామూజాన్ ముందు కూర్చుని, సిగ్గుపడ్డాను.

అయితే నా తప్పు ఒక్క పుటతో పోలేదు. నేను చదివినది కథలో సగమే. 1999 తీర్పు ముగింపు కాదు. అదే కేసులో, అదే పేరుతో, 2000 డిసెంబరు 1న రెండవ తీర్పు వచ్చింది. రెండింటినీ రాసినవారు జస్టిస్ ఎం. జగన్నాధరావు. విజ్ఞానశాస్త్రం ముడిపడిన వివాదాన్ని నిపుణులు చూడకుండా జడ్జీలే తేల్చడం కష్టమని మొదటి తీర్పు ఒప్పుకుంది. అందుకే ఆగింది. నివేదికలు వచ్చిన తరువాత రెండవ తీర్పు తేల్చింది. మొదటిదానికి పేరెక్కువ, పుస్తకాలలో ఉటంకింపులెక్కువ. ఫలితం మాత్రం రెండవదానిలో ఉంది.

ఈసారి బుద్ధిగా చివరి పుట ముందు తీశాను. అక్కడ మరొక ఉచ్చు. 'అప్పీల్స్ అలౌడ్' అన్న అర్థంలో ముగింపు ఉంది. "అనుమతించారు కదా!" అని భాయిజాన్ ముఖం వెలిగింది. అప్పీలు చేసినది ఎవరో చూడమన్నారు మామూజాన్. కాలుష్య నియంత్రణ మండలి. అంటే అప్పీలును అనుమతించారు, పరిశ్రమను కాదు. ఒకే పదం, ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి తలుపు తెరుస్తుంది, మూస్తుంది.

ఆ తరువాత తేదీలను ఒక కాగితం మీద వరుసగా రాయించారు. వాటిని రాస్తుంటే నా చేయి చల్లబడింది. ఆ కంపెనీ 1993లో పన్నెండు ఎకరాలు కొన్నది. 1994లో పది కిలోమీటర్ల నిషేధంతో జీవో 192 వచ్చింది. మండలి సమ్మతి చేతికి రాకముందే నిర్మాణం సాగింది. 1997లో ప్రభుత్వం ఆ ఒక్క పరిశ్రమకు మినహాయింపు ఇస్తూ జీవో 153 ఇచ్చింది. చివరికి సుప్రీంకోర్టు ఆ మినహాయింపు చెల్లదన్నది. ఇంత ఖర్చు పెట్టాము, కట్టేశాము అన్న మొర నిలవలేదు, ముందు సమ్మతి తీసుకోకుండా కట్టినది వారే కనుక. నీటికి హాని కలగదని నిరూపించవలసిన భారం కూడా కొత్తగా పరిశ్రమ పెట్టేవారిదేనన్నది.

మేము చేయబోతున్నది అక్షరాలా అదే. ముందు షెడ్డు, తరువాత సమ్మతి. భూమి మాది, అప్పు మాది, బంగారం ఆపాది. మధ్యవర్తి యంత్రాలు మాత్రం లారీ ఎక్కించి తీసుకుపోదగినవి.

ఇక్కడ మరొక మాట కూడా చెప్పాలి, లేకపోతే నేను రెండవ వైపుకు ఒరిగిపోయినదాన్నవుతాను. ఈ తీర్పును చూపి, మా ఊళ్లలో రైతు ఒక గది కూడా వేసుకోరాదని సుప్రీంకోర్టు చెప్పిందనేవారు ఉన్నారు. నేను ఎంత వెతికినా 'కో' అని గుర్తు వేసిన పేరాలలో ఆ మాట లేదు. కోర్టు ముందున్నది ఒక నూనె పరిశ్రమ, దానికిచ్చిన మినహాయింపు, తాగునీరు. ఇండ్లకు సంబంధించిన షరతులు జీవోలోనివి. తీర్పు తన ముందున్న ప్రశ్నకు చెప్పిన సమాధానాన్ని, అడగని ప్రశ్నకు అంటగట్టరాదని మామూజాన్ గట్టిగా అన్నారు. నగరానికి నీరు కావాలి, మా పొలాలకు ధర కావాలి. ఈ రెంటి మధ్య న్యాయమేమిటో ఆ 2000 నాటి పుటలలో వెతికితే పూర్తిగా దొరకదు.

ఆపాకు నేనే చెప్పాను. తప్పు చదివి నీ బంగారం బయటికి తీయించాను, క్షమించు అన్నాను. ఆమె ఏమీ అనకుండా డబ్బా మళ్లీ అల్మారాలో పెట్టి తాళం వేసుకుంది. భాయిజాన్ మూడు వారాలు నాతో మాట్లాడలేదు. బయానా యాభై వేలు తిరిగి రాలేదు, మధ్యవర్తి ఫోను నంబరు మారిపోయింది. ఆ డబ్బులో కొంత నా జీతం నుంచి నెలనెలా తీరుస్తున్నాను. భాయిజాన్ వద్దంటారు, కానీ తీసుకుంటారు.

మొన్న జుమా తరువాత ఆయన మరొక జిరాక్స్ కాగితం తెచ్చారు. జీవోపై హైకోర్టు ఏదో అన్నదని ఎవరో ఇచ్చారట. ఏముంది దీనిలో అని ఆయన అడగలేదు. "ఇది ఎవరి మాట?" అన్నారు. అటు ఇటు తిప్పి చూశాను. దానికి మొదటి పుట లేదు, చివరి పుటా లేదు. ఆ రెండూ తెచ్చిన తరువాతనే చదువుతానని తిప్పి పంపాను.