రెండు కిలోల లెక్క

పరుగు పందెంలో బరువును బట్టి తరగతులు ఉండవు. కుస్తీలో ఉంటాయి, బరువులెత్తే పోటీల్లో ఉంటాయి. 800 మీటర్ల గీత దగ్గర మాత్రం నలభై కిలోల పిల్లా అరవై కిలోల పిల్లా పక్కపక్కనే నిలబడాలి. అందుకే ఈ వేసవి సెలవుల్లో మా ఇంట్లో నా బరువు గురించి అంత చర్చ జరిగింది.

జూన్‌లో బడి తెరవగానే మాకు పరుగు సాధన మొదలవుతుంది. తర్వాత జోన్ పోటీలు. పోయిన ఏడు 800 మీటర్లలో నాది నాలుగో స్థానం. "చివరి రౌండులో నీ కాళ్ళు బరువెక్కుతున్నాయి. సెలవుల్లో ఒక రెండు కిలోలు తగ్గి రామ్మా" అన్నారు మా పి.టి. సార్. అప్పుడు నా బరువు 57 కిలోలు. ఎక్కడ చూసుకున్నానంటారా? నాన్న పనిచేసే చింతపండు మండీలో, మూటలు తూచే కాటా మీద.

ఈ మాట తెలియగానే తలా ఒక సలహా ఇచ్చారు. "రాత్రి అన్నం మానెయ్, పది రోజుల్లో తగ్గిపోతావు" అంది నా స్నేహితురాలు. అమ్మ ఒప్పుకోలేదు. దానికి కారణం ఉంది. పోయిన ఏడు పరీక్ష చేసినప్పుడు నా రక్తంలో హిమోగ్లోబిన్ 10.9 ఉంది. నా వయసు ఆడపిల్లలకు 12 ఉండాలి. మాత్రలు వేసుకుని, ఆకుకూరలు తిని, ఇప్పుడిప్పుడే దాన్ని పైకి తెచ్చుకుంటున్నాను. తిండి తగ్గిస్తే బరువుతో పాటు రక్తం కూడా తగ్గుతుందని అమ్మ భయం. మా అవ్వ అయితే ఒకే మాట చెప్పింది: "పిండి కొద్దీ రొట్టె. కడుపుకు పెట్టకుండా కాళ్ళను పరిగెత్తమంటే ఎట్లనే?"

అవ్వ మాటే పెద్ద డాక్టర్లూ చెప్తున్నారు. ఆటలాడేవాళ్ళు ఒంటికి కావలసినంత తినకపోతే ఎముకలు బలహీనపడతాయి, ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవచ్చు, పరుగు వేగమూ పడిపోతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ సమస్యకు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టింది.

మరి రెండు కిలోలు ఎలా తగ్గాలి? సైన్సు టీచర్‌ని అడిగి నేనూ నాన్నా లెక్క వేశాం. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కాలరీలు ఖర్చు కావాలి. నా అంత బరువున్న పిల్ల ఒక కిలోమీటరు పరిగెత్తితే ఖర్చయ్యేది దాదాపు 57 కాలరీలే. అంటే ఒక్క కిలో కోసం 135 కిలోమీటర్లు పరిగెత్తాలి! ధర్మపురి నుంచి హొగేనక్కల్‌కు పోయి, వచ్చి, మళ్ళీ పోయినంత దూరం.

అప్పుడు చక్కెర వైపు చూశాం. మా ఇంట్లో టీ అంటే పాయసమే. రోజుకు మూడు టీలు, ఒక్కోదానికి మూడు చెంచాలు. ఒక చెంచా చక్కెరలో 20 కాలరీలు. మూడు చెంచాలను ఒకటి చేస్తే రోజుకు 120 మిగులుతాయి. వారానికి ఐదు రోజులు, రోజుకు నాలుగు కిలోమీటర్లు పరిగెత్తితే ఇంకో 1,100 పైన. రెండూ కలిపి వారానికి దాదాపు 2,000. అంటే నాలుగు వారాలకు ఒక కిలో. సెలవులు ఆరు వారాలే కాబట్టి లెక్క ప్రకారం కిలోన్నర. రెండు కావు. "చాల్లే, ఉన్నంతలో చేద్దాం" అన్నాడు నాన్న.

రాగి సంగటి ఆపలేదు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఎముకలకు అది కావాలి. గుడ్డు ఆపలేదు. మామిడిపండ్ల కాలం కదా, రోజుకొక పండు కూడా ఆపలేదు. తెల్లారి ఐదున్నరకు నేను పరిగెత్తుతుంటే నాన్న సైకిల్ మీద వెనకాలే వచ్చేవాడు. పరుగు అయిన వెంటనే కాటా ఎక్కితే అరకిలో తక్కువ చూపించేది. అది చెమట. రెండు చెంబుల నీళ్ళు తాగితే తిరిగి వచ్చేస్తుంది.

నీళ్ళ బరువుతో ఆడుకోవడం ఎంత కష్టమో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో దేశమంతా చూసింది. వినేశ్ ఫోగట్ 50 కిలోల కుస్తీలో ఫైనల్‌కు చేరింది. మరునాడు పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువ వచ్చింది. రాత్రంతా నిద్ర లేకుండా శ్రమపడినా ఆ వంద గ్రాములు దిగలేదు. పతకం పోయింది. ఇంకోపక్క మన శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరిని చూడండి. 1994, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచింది మాత్రం 69 కిలోల విభాగంలో, మొత్తం 240 కిలోలు ఎత్తి. ఆమెకు పెరిగిన బరువే బలమైంది.

జూన్ మొదటి వారంలో మండీ కాటా 55.6 చూపించింది. మా లెక్క దాదాపు సరిపోయింది. 800 మీటర్లకు 3 నిమిషాల 4 సెకన్లు పట్టేది ఇప్పుడు 2 నిమిషాల 57 సెకన్లు. అందులో బరువు తగ్గినందుకు ఎంతో, ఆరు వారాల పరుగుకు ఎంతో నేను విడదీసి చెప్పలేను. హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది. అమ్మకు ఆ అంకెే ముఖ్యం.

సాధన మొదలైన రోజే తగ్గించే పని ఆపేశాను. సార్ కూడా అదే చెప్పారు: తగ్గడం సెలవుల పని, సాధన రోజుల్లో కడుపునిండా తినాలి. చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, మీకెవరైనా తగ్గమని చెప్తే ముందు ఇంట్లో చెప్పండి, డాక్టరును అడగండి, తొందరపడకండి. అన్నం గిన్నె జోలికి పోకుండా ముందు చక్కెర డబ్బా వైపు చూడండి.