చుక్కలు వేశాక అరగంట

ఏ కంటి ఆసుపత్రిలోనైనా ఉదయం పది దాటాక వరండా చూడాలి. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేయించుకున్న పెద్దవాళ్లు కళ్లు మూసుకుని బెంచీల మీద వరసగా కూర్చుంటారు. అరగంట పడుతుందని చెప్పినా, మధ్యలో ‘ఇంకా ఎంతసేపమ్మా?’ అని అడుగుతూనే ఉంటారు. అడగరా మరి! మధ్యాహ్నం బస్సు తప్పితే మళ్లీ సాయంత్రమే. చుక్కల ప్రభావం కొన్ని గంటలుంటుంది, ఎండలోకి చూడలేరు, బండి నడపకూడదు. తోడొచ్చిన కొడుక్కి ఆ రోజు కూలి పోయినట్టే.

ఆ కూలి లెక్క పట్టించుకుంటేనే పేదవాడికి వైద్యం అందుతుంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తర్వాత పల్లెలకే వెళ్లింది. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్. అక్కడ కూర్చునేది ఏడాది శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు. ‘గడ్డం ఇక్కడ పెట్టు పెద్దమ్మా, నుదురు పట్టీకి ఆనించు’ అంటూ స్లిట్ ల్యాంప్‌తో చూస్తారు. అద్దాలతో సరిపోతే అక్కడే ఇస్తారు. శుక్లమో నీటికాసులో అనిపిస్తే పై ఆసుపత్రికి పంపుతారు.

పంపగానే వెళ్తారా? పత్తి ఏరే రోజులైతే అస్సలు వెళ్లరు. ఫోన్ చేసి, ఇంట్లోవాళ్లను ఒప్పించి, మళ్లీ గుర్తుచేయాలి.

ఆపరేషన్ అయ్యాక చుక్కల మందుతో ఇంకో తంటా. సీసా మూతి రెప్పకు తగలకూడదు, ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. ఇంటికి పంపే ముందు మనవరాలి చేత ఒక్కసారి చుక్క వేయించి చూసే నర్సులకు దండం పెట్టాలి.