గేటు మార్కు

కాలేజీలో నాలుగేళ్లూ "మీ డాడీ ఏం చేస్తారు?" అని ఎవరడిగినా "ప్రైవేట్ జాబ్" అని తప్పించుకునేవాణ్ణి. నాన్న జీడిమెట్లలో ప్లాస్టిక్ మోల్డింగ్ మెషీన్ ఆపరేటరు. మెకానికల్ చదివి కూడా ఆయన పని గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. చివరికి అడగాల్సి వచ్చింది, అదీ అమెరికాలో, ఓ ప్లాస్టిక్ పళ్లెం వల్ల.

ఎమ్మెస్‌కి నార్త్ కరోలినాలోని ఛార్లెట్ వచ్చాక రూమ్మేట్ ఒక ఆదివారం పార్కుకి లాక్కెళ్లాడు. అక్కడ ఆడేది డిస్క్ గోల్ఫ్. బంతి బదులు డిస్కు, గుంట బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడు గెలిచినట్టు. ఆ బుట్టని కనిపెట్టిన ఎడ్ హెడ్రిక్ 2002లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. మనం గోదాట్లో కలుపుతాం, వాళ్లు గాల్లోకి విసిరారు. అంత పిచ్చి ఈ ఆటంటే!

డిస్కు మీద నాలుగు అంకెలుంటాయి: స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. ర్యాంకుల మధ్య పెరిగినవాణ్ణి కదా, పెద్ద అంకె చూసి ఇన్నోవా వాళ్ల డిస్ట్రాయర్ కొన్నా. 12, 5, -1, 3. విసిరిన ప్రతిసారీ ఎడమ పక్క పొదల్లోకే. స్పీడ్ 12 అంటే అది 12 వేగంతో పోతుందని కాదు, అంత వేగంగా విసరగలిగితేనే అది చెప్పినట్టు వింటుందని. ఈ ముక్క అర్థమయ్యేసరికి నెల పట్టింది.

కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరితే, పైనుంచి చూసినప్పుడు డిస్కు గడియారం ముల్లులా తిరుగుతుంది. వేగం ఉన్నంతసేపు గాలి దాని ముక్కుని కిందికి నొక్కుతుంది. గిర్రున తిరిగే వస్తువు కాబట్టి ఆ నొక్కుడు 90 డిగ్రీలు పక్కకి మళ్లి, డిస్కు కుడికి వాలుతుంది. అది టర్న్. వేగం తగ్గాక గాలి ముక్కుని పైకెత్తుతుంది, అప్పుడు ఎడమకి వాలుతుంది. అది ఫేడ్. డైనమిక్స్ ల్యాబ్‌లో రికార్డు కాపీ కొట్టి సంతకం పెట్టించుకున్న జైరోస్కోప్ ప్రయోగం ఇదే!

బుద్ధొచ్చి లెపర్డ్‌కి దిగా. 6, 5, -2, 1. ఒకటి డీఎక్స్ ప్లాస్టిక్‌లో, ఒకటి ఛాంపియన్‌లో. డీఎక్స్ చవక, పట్టు బావుంటుంది, కానీ చెట్లకి తగిలి తగిలి అరిగిపోయి రానురాను కుడికే పోతుంది. ఛాంపియన్ గట్టిది, ఏళ్లు మన్నుతుంది, చలికాలంలో మాత్రం చేతిలో జారుతుంది. ప్రతి కంపెనీకీ ఇలాంటి మెట్లున్నాయి. డిస్‌క్రాఫ్ట్‌లో ప్రో-డి, జెడ్. స్వీడన్ లాటిట్యూడ్ 64లో రెట్రో, ఆప్టో. ఎమ్‌వీపీ వాళ్లయితే అంచుకి బరువైన వేరే ప్లాస్టిక్ పోస్తారు. బరువు అంచుకి జరిగితే ఇనర్షియా పెరిగి, తిరుగుడు త్వరగా తగ్గదు. పీడీజీఏ బరువు (వ్యాసం సెంటీమీటరుకి 8.3 గ్రాములు మించకూడదు), కొలతలు చూస్తుంది గానీ ఆ నాలుగు అంకెలు ఎవరి కంపెనీ వాళ్లు వేసుకునేవే. అంచేత ఒకరి 7, ఇంకొకరి 7 ఒకటే కావు.

ఒక్కటే అంతుపట్టలేదు. నా రెండు లెపర్డ్‌లూ ఒకే మోల్డు పేరు, ఒకే బరువు, రెండూ కొత్తవి. అయినా ఛాంపియన్‌ది కుడికి సరిగ్గా తిరగదు. ఎందుకు?

వీడియో కాల్‌లో మాటవరసకి నాన్నకి చూపించా. కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌కి దగ్గరగా జరిగారు.

"తిప్పు. అడుగు చూపించు. ఆ మధ్యలో బొడిపె ఉందే, అది గేటు మార్కు. దానా కరిగి అక్కడ్నుంచే లోపలికొచ్చింది. ఇప్పుడు రెండూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టు. అంచు మీద సన్నగీత కనపడుతుందా?"

"ఆఁ, ఉంది."

"మోల్డు రెండు ముక్కలూ కలిసే చోటది. ఏది ఎత్తుగా ఉంది?"

వంగి చూశా. ఛాంపియన్‌ది కాస్త ఎత్తుగా ఉంది. ఆ గీత ఎంత ఎత్తుంటే డిస్కు అంత మొండిగా ఎడమకి పోతుందని ఆటగాళ్లు చెప్పగా విన్నానే గానీ, పట్టి చూడలేదు.

"మోల్డు ఒకటేనయ్యా, మెటీరియల్ మారితే ష్రింకేజీ మారుద్ది. ఒకటి చల్లారాక ఎక్కువ ముడుచుకుద్ది, ఇంకోటి తక్కువ. తొందరపడి వేడిగా బయటికి తీస్తే వంకరపోద్ది కూడా. మేం మూతలు పోసేటప్పుడు రోజూ చూసేదేగా."

మోల్డ్ ష్రింకేజీ మీద ఎగ్జామ్‌లో రెండు పేజీలు రాశా నేను. అది ఇలా ఉంటుందని ఆయన చెప్తేనే కనపడింది.

"నాన్నా, నీ మెషీన్ ఎన్ని టన్నులది?"

ఆయన వెంటనే పలకలేదు. నెట్ పోయిందనుకున్నా. పోలేదు.

"నూట యాభై" అన్నారు. ఆ తర్వాత నలభై నిమిషాలు ఆయన చెప్తూనే ఉన్నారు. వెనకనుంచి అమ్మ భోజనానికి రెండుసార్లు పిలిచింది.

పెట్టేసే ముందు అన్నారు: "వచ్చేటప్పుడు అవి తీసుకురా. కోసి చూద్దాం."

డిసెంబర్లో వస్తున్నా. రెండూ సర్దేశా.